విరోధాభాసం, వైరుధ్యం

విరోధాభాసం, వైరుధ్యం అనేవి తర్కశాస్త్రంలోను, గణితంలోను, తత్త్వశాస్త్రంలోను తరచుగా ఎదురయ్యే రెండు భావనలు. ఒక విషయాన్ని అవునని చెబుతూ, అదే విషయాన్ని కాదని కూడా చెప్పడం వైరుధ్యం. ఒప్పుకోదగినవిగా కనిపించే మాటలతో మొదలై, తప్పు పట్టడానికి వీలులేనట్లు కనిపించే తర్కంతో నడిచి, చివరకు నమ్మశక్యం కాని ముగింపునకు చేర్చే వాదం విరోధాభాసం. దీనినే పారడాక్స్ అని కూడా అంటారు.

వాడుకలో ఈ రెండు మాటలను ఒకదానికి బదులుగా మరొకటి వాడుతూ ఉంటారు. కాని రెండింటికీ ముఖ్యమైన తేడా ఉన్నది. వైరుధ్యం ఎదురైనప్పుడు చెప్పిన మాటలలో కనీసం ఒకటి తప్పని వెంటనే తేలిపోతుంది. విరోధాభాసం ఎదురైనప్పుడు తప్పు ఎక్కడ ఉన్నదో, అసలు ఉన్నదో లేదో కూడా వెంటనే తేలదు. విరోధాభాసాన్ని వైరుధ్యమనుకుంటే నిజాన్ని పారవేసే ప్రమాదం ఉన్నది. వైరుధ్యాన్ని విరోధాభాసమనుకుంటే అర్థం లేని మాటను లోతైన మాటగా భ్రమించే ప్రమాదం ఉన్నది.

పదాల అర్థం

విరోధాభాసం అనే సంస్కృత సమాసంలో విరోధం, ఆభాసం అనే రెండు పదాలు ఉన్నాయి. ఆభాసం అంటే పైకి అలా తోచడం. కాబట్టి విరోధాభాసం అంటే విరోధంలా తోచేది అని అర్థం. అలంకారశాస్త్రంలో ఇది ఒక అర్థాలంకారం పేరు. 16వ శతాబ్దికి చెందిన అప్పయ్య దీక్షితుల కువలయానందంలో ఈ అలంకారానికి లక్షణం ఉన్నది. ఉదాహరణకు "చంద్రుడు దోషాకరుడైనా లోకానికి ఇష్టుడు" అన్నారనుకుందాం. దోషాలకు నిలయమైనవాడు లోకానికి ఇష్టుడెలా అవుతాడని మొదట అనిపిస్తుంది. "దోషా" అంటే రాత్రి అని, దోషాకరుడంటే రాత్రిని కలిగించే చంద్రుడని గుర్తించగానే విరోధం తొలగిపోతుంది. విరోధం మాటలలోనే ఉన్నది, విషయంలో లేదు.

పారడాక్స్ అనే మాట గ్రీకు భాష నుండి వచ్చింది. "పారా" అంటే వ్యతిరేకమైన, "డోక్సా" అంటే అభిప్రాయం. అంటే లోకాభిప్రాయానికి వ్యతిరేకంగా ఉన్నదని భావం. లోకాభిప్రాయానికి వ్యతిరేకమైనదల్లా అబద్ధం కానవసరం లేదు.

వైరుధ్యం అంటే విరుద్ధంగా ఉండటం. సంస్కృత తర్కగ్రంథాలలో దీనికి దగ్గరగా వ్యాఘాతం అనే మాట కనిపిస్తుంది. తన మాటను తానే కాదనేటట్లు మాట్లాడటాన్ని తెలుగులో "వదతో వ్యాఘాతం" అనడం నేటికీ ఉన్నది. దీనికి సంప్రదాయంగా చెప్పే ఉదాహరణలు రెండు: "నా తల్లి గొడ్రాలు", "నా నోటిలో నాలుక లేదు". మొదటి దానిలో చెప్పిన విషయమే విరుద్ధం. రెండవ దానిలో విషయం అసాధ్యం కాదు గాని, ఆ మాట పలకడమే దానిని కాదంటున్నది.

వైరుధ్యం

అవైరుధ్య నియమం

ఒకే వస్తువునకు ఒకే ధర్మం ఒకే సమయంలో, ఒకే దృష్టితో ఉండటమూ లేకపోవడమూ సాధ్యం కాదని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ (క్రీ.పూ. 384 - 322) తన "మెటాఫిజిక్స్" గ్రంథం నాల్గవ భాగంలో వివరించాడు. దీనిని అవైరుధ్య నియమం అనవచ్చును. ఇందులో "ఒకే సమయంలో", "ఒకే దృష్టితో" అనే షరతులు ముఖ్యమైనవి. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకి మోత" అనే సామెతలో చెప్పిన మనిషి పేదవాడూ గొప్పవాడూ కూడా. అయితే ఇంటి సంగతి వేరు, బయటి ఆడంబరం వేరు. దృష్టి మారింది కాబట్టి ఇందులో వైరుధ్యం లేదు.

వైరుధ్యం, ప్రతికూలత

పొసగని ప్రతి జంటా వైరుధ్యం కాదు. "ఊరివారందరూ వచ్చారు", "ఊరివారెవరూ రాలేదు" అనే మాటలు రెండూ ఒకేసారి నిజం కాలేవు గాని, కొందరే వచ్చి ఉంటే రెండూ అబద్ధం కాగలవు. వీటిని ప్రతికూల వాక్యాలు అనవచ్చును. "ఊరివారందరూ వచ్చారు", "ఊరివారిలో కనీసం ఒకరు రాలేదు" అనేవి మాత్రం అసలైన విరుద్ధ వాక్యాలు. వీటిలో ఒకటి తప్పనిసరిగా నిజం, మరొకటి తప్పనిసరిగా అబద్ధం.

వైరుధ్యాన్ని ఎందుకు అంగీకరించరు

సాధారణ తర్కంలో ఒక్క వైరుధ్యాన్ని ఒప్పుకుంటే ఏ మాటనైనా నిరూపించవచ్చును. "వాన కురుస్తున్నది", "వాన కురవడం లేదు" అనే రెండింటినీ ఒప్పుకున్నామనుకుందాం. మొదటిది నిజం కాబట్టి "వాన కురుస్తున్నది, లేదా చంద్రుడు బియ్యపు పిండితో చేసినవాడు" అనే వాక్యమూ నిజమే. "లేదా"తో కలిపిన రెండింటిలో ఒకటి నిజమైతే చాలు. కాని రెండవ వాక్యం ప్రకారం వాన కురవడం లేదు. కాబట్టి మిగిలినది చంద్రుడు బియ్యపు పిండితో చేసినవాడనే మాట. ఈ పద్ధతిలో దేనినైనా నిరూపించగలిగితే నిజానికీ అబద్ధానికీ తేడా మిగలదు. ఒక సిద్ధాంతంలో ఎక్కడో మూల ఒక చిన్న వైరుధ్యం ఉన్నదని తేలినా గణితవేత్తలు కలవరపడటానికి కారణం ఇదే.

వైరుధ్యం ఉపయోగం

వైరుధ్యం తప్పును పట్టి ఇస్తుంది కాబట్టి నిరూపణలకు సాధనంగా ఉపయోగపడుతుంది. 2 యొక్క వర్గమూలం అకరణీయ సంఖ్య కాదని, అంటే దానిని భిన్నంగా వ్రాయలేమని చూపడం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. దానిని భిన్నంగా వ్రాయగలమని, ఆ భిన్నాన్ని పూర్తిగా సూక్ష్మీకరించామని అనుకుందాం. అప్పుడు లవం యొక్క వర్గం హారం యొక్క వర్గానికి రెట్టింపు అవుతుంది. కాబట్టి లవం సరిసంఖ్య. సరిసంఖ్య వర్గాన్ని 4 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి హారం కూడా సరిసంఖ్య అవుతుంది. రెండూ సరిసంఖ్యలైతే భిన్నాన్ని ఇంకా సూక్ష్మీకరించవచ్చును. ఇది మొదట అనుకున్నదానికి విరుద్ధం. మొదటి ఊహే తప్పని దీనివలన తేలుతుంది. ఇక్కడ అనుమానానికి తావున్న ఊహ ఒక్కటే. అందుచేత తప్పు దేనిదో తెలిసిపోయింది. దీనిని ఎవరూ విరోధాభాసం అనరు.

విరోధాభాసం

విరోధాభాసంలో మూడు అంగాలు ఉంటాయి: ఒప్పుకోదగినవిగా కనిపించే ఆధారవాక్యాలు, సరైనదిగా కనిపించే తర్కం, ఒప్పుకోలేని ముగింపు. ఈ మూడింటిలో ఏదో ఒకటి పైకి కనిపించినట్లు ఉండదు. అది ఏదన్న దానిని బట్టి అమెరికా తత్త్వవేత్త విల్లార్డ్ క్వైన్ 1962లో విరోధాభాసాలను మూడు రకాలుగా విభజించాడు.

నిజాన్ని చెప్పేవి

వీటిలో ముగింపు వింతగా ఉన్నా నిజమే. ఒక వ్యక్తికి 21 సంవత్సరాలు నిండినా పుట్టినరోజులు ఐదే వచ్చాయంటే అసంభవంగా తోస్తుంది. ఆ వ్యక్తి ఫిబ్రవరి 29న పుట్టినట్లు తెలిస్తే చిక్కు విడిపోతుంది. అలాగే ఒక గదిలో 23 మంది ఉంటే, వారిలో ఏ ఇద్దరిదైనా పుట్టిన తేదీ ఒకటే అయ్యే సంభావ్యత 50 శాతం కంటే కొంచెం ఎక్కువ. సంవత్సరంలో 365 రోజులుండగా 23 మందికే ఇది ఎలా సాధ్యమని అనిపిస్తుంది. కాని పోల్చవలసినది మనుషులను కాదు, జంటలను. 23 మందిలో 253 జంటలు ఉంటాయి.

తప్పును దాచేవి

వీటిలో ముగింపు అబద్ధం. తర్కంలో ఎక్కడో లోపం దాగి ఉంటుంది. సున్నను 1తో గుణించినా 2తో గుణించినా వచ్చేది సున్నయే కాబట్టి, రెండు వైపులా సున్నను కొట్టివేసి 1, 2 సమానమని చెప్పడం ఇటువంటిది. సున్నతో భాగించకూడదన్న నియమాన్ని ఇక్కడ మీరారు.

క్రీ.పూ. 5వ శతాబ్దికి చెందిన జీనో చెప్పిన అకిలీస్, తాబేలు కథ ఈ రకంలో ప్రసిద్ధమైనది. అకిలీస్ తాబేలు కంటే పది రెట్లు వేగంగా పరుగెత్తుతాడని, తాబేలు 100 మీటర్లు ముందు ఉన్నదని అనుకుందాం. అతడు 100 మీటర్లు వెళ్ళేసరికి తాబేలు 10 మీటర్లు సాగుతుంది. అతడు ఆ 10 మీటర్లు వెళ్ళేసరికి అది మరొక మీటరు సాగుతుంది. ఈ మెట్లకు అంతం లేదు కాబట్టి అకిలీస్ తాబేలును ఎన్నటికీ అందుకోలేడని జీనో వాదం. అంతం లేని సంఖ్యలో దూరాలను కూడితే మొత్తం కూడా అనంతమే అవుతుందన్నది ఇందులో దాగిన తప్పు. 100, 10, 1, 0.1 అంటూ సాగే ఈ శ్రేణి మొత్తం 111 మీటర్ల పైన మీటరులో తొమ్మిదవ వంతు మాత్రమే. అక్కడ అకిలీస్ తాబేలును అందుకుంటాడు. అయితే అనంత శ్రేణి మొత్తం అంటే ఏమిటో కచ్చితంగా నిర్వచించడానికి 19వ శతాబ్ది వరకు ఆగవలసి వచ్చింది. జీనో వాదాన్ని అసంబద్ధమని కొట్టివేయడం సులభమే. తప్పు ఏదో చూపడానికి రెండు వేల సంవత్సరాలకు పైగా పట్టింది.

స్వవిరోధాలు

వీటిలో మనం నిస్సందేహంగా నమ్మిన నియమాలే, సరైన తర్కంతో, నేరుగా వైరుధ్యానికి దారితీస్తాయి. "ఈ వాక్యం అబద్ధం" అన్నది దీనికి ఉదాహరణ. అది నిజమైతే అది చెప్పినట్లే అబద్ధం. అబద్ధమైతే అది చెప్పినది నిజం. దీని తొలి రూపాన్ని క్రీ.పూ. 4వ శతాబ్దికి చెందిన యూబులిడీస్‌కు ఆపాదిస్తారు. క్రీటు ద్వీపవాసి ఎపిమెనిడీస్ "క్రీటువారందరూ ఎల్లప్పుడూ అబద్ధాలే చెబుతారు" అన్నాడనే కథను కూడా దీనికి ఉదాహరణగా చెబుతారు. కాని క్రీటువారిలో ఎవరైనా ఎప్పుడైనా ఒక్క నిజం చెప్పి ఉంటే ఆ మాట కేవలం అబద్ధం. అంతటితో చిక్కు తీరిపోతుంది. యూబులిడీస్ చిక్కు అలా తీరదు.

స్వవిరోధం చివరకు వైరుధ్యానికే చేరుతుంది కాబట్టి, రెండు భావనలు కలిసేది ఇక్కడే. అయితే వైరుధ్యం ఇక్కడ గమ్యం మాత్రమే. దానికి చేర్చిన దారి అంతా సరైనదిగానే కనిపించడం విరోధాభాసం. పోలండుకు చెందిన ఆల్ఫ్రెడ్ టార్‌స్కీ 1933లో ప్రచురించిన గ్రంథంలో, ఒక నియతమైన భాషలోని వాక్యాల సత్యాసత్యాలను ఆ భాషలో కాక, దానికి పైమెట్టున ఉన్న మరొక భాషలోనే చెప్పాలని ప్రతిపాదించాడు. అప్పుడు తన అబద్ధాన్ని తానే చెప్పుకునే వాక్యానికి తావు ఉండదు.

క్షురకుడు, సమితి

ఒకే ఆకారం గల రెండు చిక్కులలో ఒకటి వట్టి వైరుధ్యం, మరొకటి విరోధాభాసం కావచ్చును. బ్రిటిష్ తత్త్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ పేరుతో ముడిపడిన రెండు ఉదాహరణలు దీనిని స్పష్టం చేస్తాయి.

ఒక ఊరిలో ఒక క్షురకుడున్నాడు. ఆ ఊరిలో తమ గడ్డం తాము గీసుకోనివారందరికీ, వారికి మాత్రమే, అతడు గడ్డం గీస్తాడు. మరి అతని గడ్డం ఎవరు గీస్తారు? తానే గీసుకుంటే గీసుకోకూడదు, గీసుకోకపోతే గీసుకోవాలి. దీనికి సమాధానం సులభం: అటువంటి క్షురకుడు ఏ ఊరిలోను ఉండడు. అతడు ఉన్నాడని మనం నమ్మడానికి కథలో చెప్పడం తప్ప వేరే ఆధారమేమీ లేదు. ఆ వర్ణన "నా తల్లి గొడ్రాలు" అన్న మాట వంటిదే.

ఇప్పుడు క్షురకుని స్థానంలో సమితులను పెట్టి చూడవచ్చును. తమలో తాము సభ్యులు కాని సమితులన్నింటినీ ఒక సమితిగా చేస్తే, ఆ సమితి తనలో తాను సభ్యురాలా? అవునంటే కాదు, కాదంటే అవును. దీనిని రసెల్ 1901లో కనుగొన్నాడు. "అటువంటి సమితి లేదు" అని ఇక్కడ అంత తేలికగా అనలేకపోయారు. ఏ లక్షణం చెప్పినా, ఆ లక్షణం గల వస్తువులన్నీ కలిసి ఒక సమితి అవుతాయన్న నియమాన్ని అప్పటి వరకు స్వతస్సిద్ధంగా భావించారు. క్షురకుడు లేడంటే పోయేది ఒక కథ. ఈ సమితి లేదంటే పోయేది గణితానికి పునాదిగా ఎంచుకున్న నియమం.

జర్మనీకి చెందిన గొట్లాబ్ ఫ్రేగె అంకగణితమంతటినీ తర్కం నుండి రాబట్టడానికి పూనుకొని, తన గ్రంథం మొదటి సంపుటాన్ని 1893లో ప్రచురించాడు. రెండవ సంపుటం అచ్చులో ఉండగా, 1902 జూన్ 16న రసెల్ వ్రాసిన ఉత్తరం అతనికి అందింది. ఫ్రేగె ఐదవ మూలసూత్రం పైన చెప్పిన వైరుధ్యానికి దారితీస్తున్నదని దానివలన తెలిసింది. ఫ్రేగె ఈ విషయాన్ని దాచలేదు. 1903లో వెలువడిన రెండవ సంపుటానికి ఒక అనుబంధం చేర్చి, అందులో ఆ చిక్కును వివరించి, ఒక సవరణను ప్రతిపాదించాడు. ఆ సవరణ కూడా నిలవదని తరువాత తేలింది.

ఈ విరోధాభాసానికి 1908లో రెండు పరిష్కారాలు వెలువడ్డాయి. రసెల్ వస్తువులను, వాటి సమితులను, ఆ సమితుల సమితులను వేర్వేరు అంతస్తులుగా విభజించాడు. ఎర్నెస్ట్ జెర్మెలో, ముందే ఉన్న ఒక సమితి నుండి మాత్రమే లక్షణాన్ని బట్టి సభ్యులను వేరు చేయవచ్చునని నియమం పెట్టాడు. నేటి గణితంలో ఎక్కువగా వాడుకలో ఉన్న సమితి స్వీకృతాలు జెర్మెలో మార్గంలో వచ్చినవే. ఇటువంటి వ్యవస్థలో ఇక ఎప్పటికీ వైరుధ్యం రాదని ఆ వ్యవస్థలోనే నిరూపించగలమా అన్న ప్రశ్నకు 1931లో కర్ట్ గోడెల్ సమాధానం చెప్పాడు. అంకగణితానికి చాలినంత శక్తి గల, వైరుధ్యం లేని స్వీకృత వ్యవస్థ తనలో వైరుధ్యం లేదని తానే నిరూపించుకోలేదు.

రెండింటినీ పొరబడిన సందర్భాలు

గలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలో ఒక చిక్కును వివరించాడు. 1, 4, 9, 16 వంటి వర్గ సంఖ్యలు మొత్తం సంఖ్యలలో కొన్ని మాత్రమే. అయినా ప్రతి సంఖ్యకూ ఒక వర్గం ఉన్నది కాబట్టి రెండింటినీ ఒకటికి ఒకటి చొప్పున జత చేయవచ్చును. అంటే వర్గ సంఖ్యలు తక్కువ, సమానం కూడా. ఇందువలన అనంతమైన వాటి విషయంలో ఎక్కువ, తక్కువ, సమానం అనే మాటలే చెల్లవని గలీలియో భావించాడు. 1888లో రిచర్డ్ డెడెకిండ్ ఇదే లక్షణాన్ని నిర్వచనంగా తీసుకున్నాడు: తనలోని ఒక భాగంతోనే ఒకటికి ఒకటి చొప్పున జత కుదిరేదే అనంత సమితి. "తక్కువ" అన్న మాటను రెండు అర్థాలలో వాడటం వలన మాత్రమే విరోధం కనిపించింది. వైరుధ్యమని వదిలివేసి ఉంటే అనంత సమితుల గణితానికి దారి ఉండేది కాదు.

భౌతికశాస్త్రంలో కవలల విరోధాభాసం ఇటువంటిదే. ఐన్‌స్టీన్ 1905లో ప్రతిపాదించిన ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతం ప్రకారం, కవలలలో ఒకరు గొప్ప వేగంతో అంతరిక్షయానం చేసి తిరిగి వస్తే, ఇంటివద్ద ఉన్నవారి కంటే వయస్సులో చిన్నగా ఉంటారు. చలనం సాపేక్షమైతే, యాత్రికుని దృష్టిలో కదిలినది ఇంటివద్ద ఉన్నవారే కదా, అప్పుడు ఇద్దరూ ఒకరికంటే ఒకరు చిన్నవారు కావాలి కదా అన్నది ఆక్షేపణ. అలా అయితే అది నిజంగా వైరుధ్యమే. ఆంగ్ల శాస్త్రవేత్త హెర్బర్ట్ డింగిల్ సాపేక్ష సిద్ధాంతంలో వైరుధ్యం ఉన్నదని వాదిస్తూ 1972లో ఒక గ్రంథమే ప్రచురించాడు. అయితే ఇద్దరి స్థితీ ఒకటి కాదు. వెనుకకు మరలినది యాత్రికుడు మాత్రమే. 1971లో హాఫెలె, కీటింగ్ అనేవారు పరమాణు గడియారాలను విమానాలలో భూమి చుట్టూ త్రిప్పి, నేలమీది గడియారాలతో పోల్చారు. వేగం, గురుత్వం రెండింటి ప్రభావం వలన సిద్ధాంతం చెప్పిన రీతిలోనే కాలంలో తేడా కనిపించింది.

భారతీయ సంప్రదాయంలో

* అన్నంభట్టు: ఆంధ్రదేశానికి చెందిన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహంలో ఐదు రకాల హేత్వాభాసాలు ఉన్నాయి. "శబ్దం పుట్టినది కాబట్టి నిత్యం" అన్నది విరుద్ధ హేతువు; పుట్టినదన్న హేతువు అనిత్యత్వాన్నే నిరూపిస్తుంది. ఇది వైరుధ్యానికి దగ్గర. సత్ప్రతిపక్షం అనేది వేరు. ఒక హేతువు శబ్దం నిత్యమని, మరొక హేతువు అనిత్యమని సమాన బలంతో చూపుతున్నప్పుడు ఏ నిర్ణయమూ కుదరదు. విరోధాభాసం కలిగించే స్థితి దీనిని పోలి ఉంటుంది.
* భర్తృహరి: "నేను చెప్పేదంతా అబద్ధం" అనే మాటను వాక్యపదీయం చర్చించింది. అలా అనే వ్యక్తి ఆ వాక్యాన్ని అందులో చేర్చి చెప్పడం లేదని భర్తృహరి సమాధానం.
* నాగార్జునుడు: సంప్రదాయం ఆంధ్రదేశంలోని శ్రీపర్వతంతో ముడిపెట్టే ఈ బౌద్ధాచార్యుడు, సర్వమూ స్వభావశూన్యమైతే ఆ మాట కూడా శూన్యమే కదా అన్న ఆక్షేపణను విగ్రహవ్యావర్తనిలో ఎదుర్కొన్నాడు. తనకు స్థాపించవలసిన ప్రతిజ్ఞ ఏదీ లేదని సమాధానం చెప్పాడు.
* స్యాద్వాదం: జైనుల స్యాద్వాదం ఒక వస్తువు "ఒక దృష్టితో ఉన్నది, ఒక దృష్టితో లేదు" అంటుంది. దృష్టిభేదాన్ని విడిగా చెబుతున్నది కాబట్టి ఇది వైరుధ్యాన్ని అంగీకరించడం కాదని జైన తార్కికులు వాదించారు.

తేడా గుర్తించే విధం

* వైరుధ్యం వాక్యాల మధ్య ఉండే సంబంధం. విరోధాభాసం ఆధారవాక్యాల నుండి ముగింపు వరకు నడిచే వాదం.
* వైరుధ్యంలో రెండు వైపులా ఒకేసారి నిజం కావడం అసాధ్యం. విరోధాభాసంలో ముగింపు నిజం కావచ్చును, అబద్ధం కావచ్చును, వైరుధ్యమే కావచ్చును.
* పదాల అర్థాలను, సమయాన్ని, దృష్టిని విడదీసి చెప్పిన తరువాత విరోధం తొలగిపోతే అది ఆభాసం మాత్రమే. అప్పటికీ నిలిచి ఉంటే వైరుధ్యం.
* వైరుధ్యానికి చేర్చిన ఊహలలో వదులుకోదగినది స్పష్టంగా ఉంటే దానిని వదిలివేస్తే సరిపోతుంది. అన్నీ వదులుకోలేనివిగా కనిపిస్తే అది విరోధాభాసం. వాటిలో ఒకదానిని తిరిగి పరీక్షించవలసి ఉంటుంది.

వైరుధ్యాన్ని సహించే తర్కాలు

వైరుధ్యం నుండి ఏదైనా వస్తుందన్న నియమాన్ని నిరాకరించే తర్కవ్యవస్థలు కూడా ఉన్నాయి. బ్రెజిల్‌కు చెందిన న్యూటన్ ద కోస్టా 1963 నుండి ఇటువంటి వ్యవస్థలను నిర్మించాడు. ఒక సమాచార సంచయంలో పొరపాటున రెండు విరుద్ధమైన నమోదులు చేరితే, వాటి నుండి సంబంధం లేని సంగతులన్నీ రాబట్టకుండా ఆపడానికి ఇవి పనికివస్తాయి. గ్రాహం ప్రీస్ట్ 1987లో ప్రచురించిన గ్రంథంలో మరింత ముందుకు వెళ్ళి, "ఈ వాక్యం అబద్ధం" వంటివి నిజమూ అబద్ధమూ కూడా అని వాదించాడు. ఎక్కువమంది తార్కికులు దీనిని అంగీకరించరు. ఈ మతం ప్రకారం కూడా అన్ని వైరుధ్యాలూ నిజం కావు. విరోధాభాసాల వలన తప్పనిసరిగా వచ్చే కొన్ని మాత్రమే నిజం. కాబట్టి రెండు భావనలను విడదీసి చూడవలసిన అవసరం ఇక్కడ కూడా ఉన్నది.

ఇవి కూడా చూడండి

* తర్కశాస్త్రం
* హేత్వాభాసం
* అలంకారాలు
* సమితి
* సాపేక్ష సిద్ధాంతం